ఇన్వర్‌కార్గిల్‌లో ఎవరూ లేరు

రెబెక్కమ్మ న్యూజిలాండ్ వచ్చింది దేశం చూడటానికి. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. ఒంగోలు వైపు ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, భర్త పోయిన మనిషి, ఉన్నట్టుండి "నాకు దేశాలు చూడాలనుంది" అంటే చుట్టాలు ముందు నవ్వుతారు, తర్వాత డాక్టరుకి చూపించమంటారు. అదే "ఫలానా ఆవిడను చూసొస్తాను" అంటే కాదనేవాళ్ళే ఉండరు, పైగా పచ్చళ్ళు కట్టిస్తారు. అందుకని ఆవిడ ఏ ఊరు చూడాలనుకున్నా ముందు ఆ ఊళ్ళో ఒక మనిషిని వెతికి పెట్టుకునేది.

ఆక్లండ్ చూడటానికి అక్కడి మౌంట్ రాస్కిల్ పేటలో తమ చర్చి వాళ్ళ కుటుంబం దొరికింది. హామిల్టన్‌లో ఎమిలీ ఉంది. ఒకప్పుడు ఆవిడ వార్డులో పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. ఇక దేశం చిట్టచివర, ఇన్వర్‌కార్గిల్‌లో, తనతోపాటు ట్రైనింగ్ అయిన సలోమి ఉంది. హామిల్టన్ నుంచి వెల్లింగ్టన్‌కి బస్సు, అక్కడ ఓడ ఎక్కితే అవతలి దీవి, ఆ పైన మళ్ళీ బస్సులే. అసలు ఆవిడ మనసంతా ఆ దారి మీదే ఉంది. సలోమి మీద ఉన్నది కొంచెమే.

హామిల్టన్‌లో నాలుగు రోజులుండి కదులుదామనుకుంది. కదలనిస్తే కదా!

ఎమిలీ మంచి పిల్లే. నోరు తెరిచి "ఉండండి ఆంటీ" అని అడగదు. ప్రార్థనలో అడుగుతుంది. భోజనానికి ముందు అందరూ కళ్ళు మూసుకోగానే మొదలుపెట్టేది.

"ప్రేమగల తండ్రీ, ఆంటీ ఈ వయసులో, ఇంత చలిలో, ఒంటరిగా అంత దూరం వెళ్ళాలనుకుంటున్నారు ప్రభువా. వారికి మంచి ఆలోచన దయచేయండి తండ్రీ. ఇంకొక వారం ఈ గృహములోనే ఉంచండి తండ్రీ."

ప్రార్థిస్తున్న మనిషికి అడ్డం చెప్పకూడదు. చివర్న అందరితోపాటు ఆమేన్ అనాలి. అన్నాక, ఆ అడిగిందేదో తను కూడా అడిగినట్టే. పెద్ద పెద్ద డాక్టర్లకు ఎదురుచెప్పిన రెబెక్కమ్మ ఈ ఆమేన్ దగ్గర మాత్రం అడ్డంగా దొరికిపోయింది. ఆమేన్‌కి ఒక వారం చొప్పున మూడు వారాలు గడిచిపోయాయి.

ఊరికే గడవలేదు. ఎమిలీ ప్రసూతి సెలవు అయిపోయి డ్యూటీలో చేరింది. ఆమె భర్త యెహెజ్కేలుకి పాలపొడి ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. నెలల పిల్లాడు ఈతన్‌కి డేకేర్‌లో ఆగస్టు దాకా చోటు లేదు. ఇంకేముంది, వాడు రెబెక్కమ్మ చంక దిగడం మానేశాడు. పిల్లాడు ముద్దొస్తాడు, ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆవిడ చూడవలసిన న్యూజిలాండ్ కాస్తా ఎమిలీ పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర ఆగిపోయింది. జూలైతో వీసా అయిపోతుంది. అప్పటికే జూన్, అంటే అక్కడి చలికాలం, వచ్చేసింది. వాడి గుడ్డలు ఆరేస్తూ, ఆ తీగ దగ్గరే నిలబడి, ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

చివరికొక శనివారం తెగించి, యెహెజ్కేలుని వెంటబెట్టుకెళ్ళి మంగళవారానికి బస్సు టికెట్ కొనుక్కుంది. ఎమిలీ ముఖం మాడ్చుకుంది.

మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. రెబెక్కమ్మ పిల్లాడికి స్నానం చేయిస్తోంది, ఎమిలీ వెళ్ళి ఎత్తింది. కాసేపటికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఆంటీ, సలోమి ఆంటీ చేశారు. వాళ్ళమ్మాయికి నెలలు నిండకుండానే డెలివరీ అయిందంట. రేప్పొద్దున్నే బ్రిస్బేన్ వెళ్ళిపోతున్నారంట. ఇప్పట్లో రారంట. మీకు సారీ చెప్పమన్నారు."

చెప్పేదేమో కంగారు పడాల్సిన వార్త. ముఖంలో సంతోషం దాచుకోవడం మాత్రం ఆ పిల్లకి చేతకాలేదు.

రెబెక్కమ్మ పిల్లాడికి తువ్వాలు చుట్టింది. సలోమి కూతురి కోసం కంగారు పడింది, తల్లీబిడ్డా క్షేమమేనా అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత తన సంగతి గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క సాకూ పోయింది.

భోజనాల బల్ల దగ్గర ఎమిలీ ప్రార్థన అందుకుంది.

"స్తోత్రం తండ్రీ. మూయవలసిన తలుపును మీరే మూశారు ప్రభువా. ఆంటీ ఇక ఏ ప్రయాణమూ లేకుండా, ఉన్నన్నాళ్ళూ మా మధ్యనే ఉండేలా కృప చూపించారు తండ్రీ. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్."

యెహెజ్కేలు ఆమేన్ అన్నాడు. రెబెక్కమ్మ అనలేదు.

ఎమిలీ కళ్ళు తెరిచి చూసింది. "ఆంటీ?"

"ఈ ఆమేన్ నేను అననమ్మా. నేను మంగళవారం వెళ్తున్నా."

"ఎక్కడికండీ? ఇన్వర్‌కార్గిల్‌లో మీకు ఎవరున్నారు ఇప్పుడు?"

"ఎవరూ లేరు."

"మరి?"

"ఊరుందిగా."

"ఊరు చూడ్డానికా? ఏముందని అక్కడ?"

"ఏముందో తెలిస్తే ఇక వెళ్ళడమెందుకే పిచ్చిదానా!"

అలా అనేసి రెబెక్కమ్మ తనే తెల్లబోయింది. ఎన్నో ఏళ్ళుగా లోపల దాచుకున్న మాట, పప్పన్నం ముందు ఇంత తేలిగ్గా బయటికి వస్తుందని ఆవిడ అనుకోలేదు. ఎమిలీకి మాత్రం ఏడుపొచ్చేసింది.

"మరి పిల్లాడి సంగతేంటండీ? నేనేం చెయ్యాలి?"

"ఈ మాట దేవుడితో కాదు, మొదటిరోజే నాతో అనాల్సింది."

"అనుంటే ఉండేవాళ్ళా?"

రెబెక్కమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "ఉండేదాన్నే. ఇన్నేళ్ళూ అట్లాగే ఉన్నా, ఎవరో ఒకళ్ళు అడగడం, నేను ఉండిపోవడం. ఈసారి మాత్రం ఉండను."

ఆవిడకు బాధగానే ఉంది. ఆ పిల్ల అవసరం నిజమైనదే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పటిదాకా పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్న యెహెజ్కేలు గొంతు సవరించుకున్నాడు. "నేను నైట్ షిఫ్టు అడుగుతాలే. పగలు వాణ్ణి నేను చూసుకుంటా, ఆగస్టు దాకా ఎట్లాగో లాగుదాం" అన్నాడు. ఇంత మంచి ఆలోచన ఆ మహానుభావుడికి మూడు వారాలుగా ఎందుకు రాలేదంటే, ఇంట్లో ఆంటీ ఉంది కాబట్టి.

సోమవారం రెబెక్కమ్మ తన ఆస్పత్రి ఇంగ్లీషులో ఇన్వర్‌కార్గిల్‌కి ఫోన్ చేసి, ఊళ్ళు తిరిగే కుర్రకారు దిగే హాస్టల్లో ఒక మంచం తన పేరున ఉంచమని చెప్పింది. మీ వయసెంతని అవతలివాళ్ళు అడగనే లేదు.

మంగళవారం పొద్దున ఊరంతా మంచు కమ్మేసింది. యెహెజ్కేలు డ్యూటీకి పోయాడు, ఎమిలీ పిల్లాణ్ణి ఎత్తుకుని బస్సు దాకా వచ్చింది. డ్రైవరు పెట్టె తీసుకుని కింద అరలో పెడుతుంటే అప్పుడు నోరు విప్పింది.

"ఆంటీ, చలి గిలి అని ఏదో అన్నాగానీ, అది కాదు."

"తెలుసులే, పిల్లాడు."

"పిల్లాడూ కాదు." ఎమిలీ ముక్కు తుడుచుకుంది. "నేనొచ్చి నాలుగేళ్ళయింది. ఆస్పత్రి, ఇల్లు, చర్చి. ఆ ఓడ నేను కూడా ఎక్కలేదండీ. మీరు టికెట్ కొన్నానని చెప్పినరోజు నాకెంత ఏడుపొచ్చిందో."

కోపమనుకుని ఈ మూడు రోజులూ రెబెక్కమ్మ చూసింది ఇదా! తన చేతికిందే పనిచేసిన పిల్ల, తన పక్కనే కూర్చుని అన్నం తిన్న పిల్ల. దేశం చూడాలన్న మాట దాచుకున్నది తనొక్కతే అనుకుంది.

"అయితే సెలవు పెట్టి రా. వెల్లింగ్టన్‌లో ఒకరోజు ఆగుతా."

"ఎట్లా వస్తానండీ? పిల్లాడు, డ్యూటీ, ఆయనకు వంట..."

"నీ వయసులో నేనూ సరిగ్గా ఈ మూడే చెప్పాను" అంది రెబెక్కమ్మ. పిల్లాడి బుగ్గ ముద్దుపెట్టుకుని బస్సెక్కింది.

డ్రైవరు తలుపు మూసేదాకా ఎమిలీ, పిల్లాణ్ణి చంకనేసుకుని, బస్సులో ఖాళీగా ఉన్న సీట్ల వంకే చూస్తూ నిలబడింది.