నెక్స్ట్ మాస్టారు

ల్యాబు మూలనున్న కంప్యూటర్ తెర మీద మూడో వరుస పూర్తయింది. ఆ వెంటనే నాలుగో వరుస వచ్చి, కన్నుమూసి తెరిచేలోగా చతికిలబడింది. పక్కన ఒక అంకె: 1618.

"మళ్లీ నువ్వేనా?" అన్నాడు నెక్స్ట్ మాస్టారు, పిలవకుండా వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.

ఆ అంకెకు అర్థం ఆయనకు కంఠతా వచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కుతుండగానే రెండోదాన్ని తోశారు, ముందుది కానివ్వండి అని. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ముక్కు తెరకు తగిలేంతగా వంగి, సాఫ్ట్‌వేర్లు వాటంతటవే ఎక్కేలా తాను రాసుకున్న పాతిక వరుసల స్క్రిప్టును మళ్లీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు.

పొట్టి మనిషి. ఇరవై నాలుగేళ్లుగా అదే కాలేజీ ల్యాబులో, అవే మడత కుర్చీల మధ్య వంగి వంగి, నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటాడు. కుడి మణికట్టుకు సాగే పట్టీ. చూపుడువేలు మౌస్ మీద ఎలా వంగి ఉంటుందో అన్నం తినేటప్పుడూ అలాగే వంగి ఉంటుంది. ఏటా పరీక్షల ముందు నలభై రెండు కంప్యూటర్లలో తొమ్మిదేసి సాఫ్ట్‌వేర్లు ఎక్కించాలి. ప్రతిదానికీ ఎదురుగా కూర్చుని అది అడిగినప్పుడల్లా నొక్కాలి. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్, ఫినిష్. నొక్కేటప్పుడు పెదాలు కూడా కదిలేవి. పిల్లలు పెట్టిన పేరు అలా అతుక్కుపోయింది. ఒకసారి ప్రిన్సిపాల్ నిండు మీటింగులో నోరుజారి "మన నెక్స్ట్ మాస్టారు" అంటే అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. ఇన్నేళ్లలో దేనికి ఒప్పుకున్నాడో ఒక్కసారీ చదవలేదు. "ఇంట్లోనూ అంతేగా" అంటుంది భార్య.

ఈసారి మాత్రం కూర్చుని నొక్కడం కుదరదు. అక్కను హాస్పిటల్లో చేర్చి ఐదు రోజులైంది. చూడటానికి నాలుగింటి నుంచి ఐదింటి దాకే వదులుతారు. ల్యాబు తాళం వేసి రెండు బస్సులు మారి వెళ్లేసరికి ఐదుంబావు. రెండుసార్లు గేటు దగ్గర వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు. భోజనం ఇచ్చే పాసు మీద రోజూ మధ్యాహ్నం వెళ్లొస్తున్న భార్య నిన్న అన్నం వడ్డిస్తూ, "వదిన మిమ్మల్ని అడగడం మానేసిందండీ" అంది. అడుగుతోంది అని చెప్పినా ఇంత గుచ్చుకునేది కాదు.

లోపం పదకొండింటికి దొరికింది. మూడో సాఫ్ట్‌వేర్ తన పని ఇంకొకడి నెత్తిన పెట్టి, 'నాదయిపోయింది' అని చేతులు దులుపుకునే రకం. స్క్రిప్టు దాని మాట నమ్మి నాలుగోదాన్ని పిలుస్తోంది. మాస్టారు రెండు వరుసలు కలిపాడు. పది సెకన్లకోసారి తొంగిచూడు, ఆ ఇంకొకడు నిజంగా పని ముగించి వెళ్లిపోయాకే నాలుగోదాన్ని పిలువు. మూల కంప్యూటర్ ఈసారి ఎవరూ ముట్టుకోకుండానే తొమ్మిదీ ఎక్కించుకుని, తనంతట తానే ఆగి, మళ్లీ వెలిగింది.

ఒకటిన్నరకు మిగిలిన నలభై ఒక్కటీ మొదలయ్యాయి. ఆయన అలవాటు కొద్దీ వాటి మధ్య తిరిగాడు. చేయి ఊరికే మౌస్ మీదికి పోతోంది. చివరికి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మూడింటికి ఇంచార్జి మేడమ్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, నేను వెళ్లొచ్చా?"

"ఇప్పుడా? పొద్దున తొమ్మిదింటికి పరీక్ష, మాస్టారూ. మీరు లేనప్పుడు ఏదైనా ఆగిపోతే?"

"ఆగితే ఎక్కడ ఆగిందో సర్వర్‌లో రాసి పెడుతుందండి. పొద్దున్నే ఆరింటికి వచ్చి చూసుకుంటా. అక్క హాస్పిటల్లో ఉంది. ఐదు రోజులైంది, ఇంకా మొహం చూపించలేదు."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఐదు రోజులా! ఇప్పుడా చెప్పేది? ముందు బయల్దేరండి."

అడగొచ్చని ఆయనకు తట్టలేదు, అంతే.

వార్డులో కిటికీ పక్కన ఏడో మంచం. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. గుండె నీరసపడిందన్నారు, ఎల్లుండి పంపించేస్తాం అన్నారు. అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు, ఆమెకు పద్నాలుగు. అప్పుడు కుట్టుమిషను ఎక్కి, బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ వాణ్ణి చదివించింది. "కూర్చుని చేసే పని నేర్చుకోరా, కాళ్లయినా మిగుల్తాయి" అని కంప్యూటర్ కోర్సులో చేర్పించిందీ ఆమే.

"వచ్చావా! నీ మిషన్లు నిన్ను వదిలాయేంట్రా?"

"వాటంతటవే చేసుకుంటున్నాయక్కా. ఒకటయ్యాక ఇంకొకటి. ఏం అడిగితే ఏం చెప్పాలో ముందే రాసిపెట్టి వచ్చా."

"దగ్గర ఎవరూ లేకుండానా?"

"ఎవరూ లేకుండానే."

"నా మిషను ఒక్కనాడూ అలా నడవలేదు. మరి రేపట్నుంచి నిన్నెందుకు ఉంచుకుంటార్రా వాళ్లు?"

"రాయడానికి మనిషి కావాలి కదక్కా."

"ఏమో, అవే నడుస్తాయన్న మాట వాళ్లకు చెప్పకు" అని నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చింది. తగ్గాక ఆయన చేయి పట్టుకుని చొక్కా చేతి అంచు తిప్పి చూసింది. గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది.

"ఇలా తిరుగుతున్నావా ఊరంతా? కదలకు." దిండు కింద నుంచి చిన్న గుడ్డసంచి తీసింది. "నర్సమ్మకు చెప్పకు, తిడుతుంది."

దారం రెండుసార్లు తప్పింది. ఇటివ్వమని చేయి చాస్తే ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసి, మూడోసారి ఎక్కించింది. నాలుగు చుట్లు కుట్టి, ముడివేసి, పంటితో తెంపి, సూదిని దిండు అంచుకు గుచ్చింది.

"పనుందా ఇంక?"

యాభై ఏళ్లుగా అక్క అడిగే ప్రశ్నే అది.

"లేదక్కా."

"అయితే కూర్చో. కాస్త నడుం వాలుస్తా."

ఆయన స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. జేబులో ఫోను రెండుసార్లు వణికింది, తీయలేదు. దుప్పటి లేస్తూ దిగుతూ ఉంది. కిటికీలో ఎండ ఎదుటి మంచం మీదికి జరిగింది. కొంతసేపటికి దుప్పటి కదలడం లేదని ఆయనకు అర్థమైంది. అయినా ఇంకో క్షణం చూశాడు. తర్వాత లేచి, పరుగెత్తకుండానే, గబగబా నర్సు దగ్గరకు వెళ్లాడు.

వాళ్లు పరదా లాగారు. ఇద్దరు వచ్చారు, ఒకరు గుండె మీద అదిమి అదిమి చివరికి చేతులు తీసేశారు, ఒకరు గడియారం చూశారు. ఐదుకు పది తక్కువ.

"మీరేమవుతారండీ?" అని అడిగింది నర్సు.

"తమ్ముణ్ణి."

"దగ్గరే ఉన్నారా?"

"ఉన్నానండి" అన్నాడు ఆయన.

భార్యకు ఫోన్ చేయబోతే మేడమ్ మెసేజ్ కనిపించింది. నలభై ఒక్కటి అయ్యాయి, పంతొమ్మిదోది ఆరో సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగితే ఆమే కూర్చుని నొక్కేసిందట. పొద్దున్నే రానక్కర్లేదు, అక్కగారు ఎలా ఉన్నారు అని అడిగింది. దాన్ని అలాగే ఉంచి భార్యకు చేశాడు.

భార్య వచ్చేసరికి అక్కను స్ట్రెచర్ మీద తీసుకెళ్లిపోయారు. ఆయా దుప్పటి మడిచి, పక్క దులిపి, దిండు తీయబోయి చేయి వెనక్కి లాక్కుంది. దిండు అంచున సూది అలాగే ఉంది, బెజ్జంలో ఇంకో గుండీకి సరిపడా జానెడు తెల్లదారంతో.