ఉప్పునీళ్ల ఆకు

మాలకొండమ్మకు కోపం వస్తే వీధి వీధంతా వినబడాల్సిందే. అలాంటి మనిషి ఆ రోజు అల్లూరు బస్సులోంచి నోరు మెదపకుండా దిగిపోయింది. ఒళ్లో చేపలగంప, ఎదురుసీటులో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కండక్టరు వైపు చూసింది, అంతే. "దిగు దిగు, ఒకటే కంపు!" అన్నాడు వాడు. మండుటెండలో, నడిరోడ్డు మీద దించేసి పోయాడు. ఆమె నడిచి సంత చేరేసరికి చేపలు మెత్తబడి ఎవరూ ముట్టుకోలేదు.

కండక్టరు సంగతి సరే, మాట్లాడకుండా ఎందుకు దిగానా అని తన మీద తనకే మంట. "మళ్లీ ఈ గంప నెత్తికెత్తుకుంటే నా పేరు మాలకొండమ్మ కాదు" అని ఒట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ ఊరివాడే, సమాధానం అనే అతను పట్టుపురుగుల మాట ఎత్తాడు. అతను మైసూరు వైపు పట్టుపనిలో కొన్నేళ్లుండి వచ్చి, ఉప్పుకాలువ అవతల బావి తవ్వి మల్బరీ తోట వేశాడు.

"పురుగుపిల్లలు నేనిస్తా, ఆకు నేనిస్తా. పెంచేది నువ్వు. పట్టుగూళ్లు చెరిసగం. ఇంట్లో చేపకంపు, చుట్టపొగ ఉండకూడదక్కా, అవి తట్టుకోలేవు" అన్నాడు.

చేపలు పట్టి బతికే ఇంట్లో చేప ఉండకూడదట! వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. మాలకొండమ్మ ఇంటికి సున్నం కొట్టింది. మొగుడు ఆదెయ్య చుట్టలు లాక్కుని పొయ్యిలో పడేసింది. వలలు బయట తాటిచెట్ల కిందికి పోయాయి. ఆదెయ్య సముద్రం నుంచి వస్తే సీకాయపొడితో ఒళ్లు రుద్దుకున్నాకే గడప తొక్కాలి. పెళ్లినాడు కూడా అంత శుభ్రంగా లేడు పాపం.

చీమల్లా ఉన్న పురుగులు వెదురుతట్టల్లో మేసి మేసి చిటికెనవేలంత అయ్యాయి. చివరిసారి కుబుసం విడిచాక వాటి ఆకలి ఇంతా అంతా కాదు. తట్ట నిండా ఆకు పరిస్తే చూస్తుండగానే ఈనెలు మిగిలేవి. ఇంకొంచెం మేస్తే గూళ్లు కట్టుకుంటాయి, గంప పీడ విరగడవుతుంది.

అలాంటప్పుడు ఆమెకు జ్వరం వచ్చి పడింది. రోజూ తానే తడిగుడ్డలో మూటకట్టి తెచ్చుకునే ఆకు కోసం ఆదెయ్య పడవ వేసుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా గంపలో ఆకు నవనవలాడుతోంది. మాలకొండమ్మ మురిసిపోయి అతని చేత తట్టల్లో వేయించింది. చివరి తట్టకు చాలక నిన్న మిగిలి వాడిపోయిన ఆకు వేసింది.

పొద్దు వాలేసరికి పురుగులు తలలెత్తి ఊగి, పచ్చనీళ్లు కక్కుకుని ముడుచుకుపోయాయి. వాడిపోయిన ఆకు తిన్న చివరి తట్టలోవే బతికాయి. మాలకొండమ్మ కొత్త ఆకు ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు కషాయం.

"ఏం చేసినావయ్యా ఆకును?"

"ఎండకు వాడిపోతాదని కాలవ నీళ్లు చల్లినా. దోవ పొడుగూతా చల్లతానే వచ్చినా" అన్నాడు ఆదెయ్య బిక్కమొహం వేసుకుని. "చేపలకు అట్టానే గదా చల్లేది."

ఇంక ఆగుతుందా!

"నీ చేతులు పడిపోను! చేపంటే ఉప్పులో పుట్టింది. ఆకు ఉప్పులో పుట్టిందా? నీ బుర్రలో ఉండేది గుజ్జా, ఇసకా? నా నెత్తిన మళ్లీ గంప పెట్టినావు గదయ్యా!"

పురుగులు చచ్చిన తట్టలు ఒక్కొక్కటే వీధిలోకి విసిరింది.  ఆదెయ్య వంగి, చచ్చిన పురుగులను దోసిట్లోకి ఎత్తుకున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

బతికిన తట్టలో పురుగులు గూళ్లు కట్టాయి. సమాధానం వచ్చి చూసి, "ఇందులో నాకేం పంచుతావులేక్కా, నువ్వే ఉంచుకో. లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకోకముందే ఉడకబెట్టు" అని వెళ్లిపోయాడు.

మాలకొండమ్మ కుండ పెట్టి, మసిలే నీళ్లలో గూళ్లు వేసి పుల్లతో కలిపింది. సన్నటి పోగు పుల్లకు చుట్టుకుని తళతళలాడుతూ లేచింది. దాంతోపాటు ఉడికిన పురుగుల కంపూ లేచింది.

గడపలో ఆదెయ్య ముక్కు మూసుకున్నాడు. "ఏందిమే ఈ కంపు? దీనికన్నా ఎండుచేపలు నయం గదా!"

మాలకొండమ్మ చెయ్యి ఆగిపోయింది. పోగు వంకా కుండ వంకా మార్చి మార్చి చూసింది. బస్సులో ఆవిడ ముక్కుకు అడ్డం పెట్టుకున్న పట్టుకొంగు ఈ కంపులోంచి తీసిందేనా? దీన్ని కట్టుకున్నందుకు ఆవిడకు సీటు, చేపలు పట్టుకున్నందుకు తనకు నడిరోడ్డా?

"నిన్ను తిట్టినదాంట్లో సగం ఆ కండక్టరుగాణ్ణి తిట్టుంటే సరిపోయేది గదయ్యా" అంది పళ్లు నూరుతూ. "రేపు వేటకు పో. గంప నిండా తే."

"గంప ఎత్తితే నీ పేరు మాలకొండమ్మ కాదంటివే?"

"ఇంకేదన్నా పేరు పెట్టి పిలుచుకో పో!"

మర్నాడు బస్సులో అదే కండక్టరు. గంప కనబడగానే "దిగు దిగు" అన్నాడు. నలుగురు ముక్కులు మూసుకున్నారు. మాలకొండమ్మ సీటులో బాసింపట్టు వేసుకుని కూర్చుని, గంప మీద గోనెపట్టా తీసేసింది.

"పోయినసారి నేను దిగి నడిచినా" అంది, బస్సంతా వినబడేలా. "కంపనుకునేవాళ్లు దిగండి. ఈసారి మీరు నడవండి."