వేడెక్కిన శ్రుతి

1999 ఎండాకాలం. మాదాపూర్‌లో కిరాయికి తీసుకున్న ఒక మేడమీద భార్గవి పనిచేసే చిన్న కంపెనీ ఉండేది. పాత సింథసైజర్ల, అంటే కరెంటుతో పలికే కీబోర్డు వాయిద్యాల, ధ్వనిని కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్ల పని. నమూనాగా పెట్టుకున్న వాయిద్యం హఫీజ్‌పేట్ వీరేశానిది. పెళ్లి బ్యాండ్లలో ఇరవై ఏళ్లు దాన్ని వాయించిన మనిషి. ఆయనకు నచ్చాకే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పోతుందని యజమాని సందీప్ మాటిచ్చాడు.

వీరేశానికి నచ్చలేదు. పదకొండు సార్లు వద్దన్నాడు.

"ఏం తక్కువైందన్నా? నీ వాయిద్యం గ్రాఫూ మా కంప్యూటర్ గ్రాఫూ ఒకే మాదిరి ఉండాయి కదా," అంది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన భార్గవి.

"గ్రాఫులు నాకు తెల్వదమ్మా. మంచిగనే ఉంది. పానమే లేదు."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ మీద వాయిద్యం నడిచింది గానీ ఏసీ ఆగిపోయింది. గది కాగిపోతుంటే వీరేశం వాయిస్తూనే ఎడమచేత్తో ఒక మరను కొద్దిగా తిప్పాడు.

"ఎందుకు తిప్పినావన్నా?"

"వేడెక్కితే శ్రుతి జరుగుతదమ్మా. ఒక్కో మెట్టు ఒక్కో తీరు జరుగుతది. గంటకోసారి సర్దుకుంటం."

భార్గవి కుర్చీలో వెనక్కి వాలింది. "రికార్డింగులో ఆ తేడాలన్నీ తప్పులనుకొని నేనే తుడిచేసినాను," అంది మెల్లగా.

మూడు వారాలు ఏసీ ఆపేసి, పక్కన థర్మామీటర్ పెట్టుకుని, ఏ మెట్టు ఎంత జరుగుతోందో కొలిచి ప్రోగ్రాంలో రాసింది.

"తప్పుల్ని ఇంత కష్టపడి రాయడమెందుకు?" అన్నాడు సందీప్.

"శుభ్రంగా ఉండేదాన్ని పదకొండుసార్లు కాదన్నాడు సార్. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

పన్నెండోసారి వీరేశం కంప్యూటర్‌కు తగిలించిన కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒక మెట్టు నొక్కి అలాగే పట్టుకున్నాడు. ఇంకొకటి నొక్కాడు. తర్వాత రెండో చెయ్యీ కలిసింది. పెళ్లి ఊరేగింపులో వాయించే బరాత్ పాట ఒకటి మొదలైంది. పక్క గదుల్లో వాళ్లు లేచొచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. పాట అయిపోయినా ఆయన చేతులు తీయలేదు.

"ఎట్లుందన్నా?" అడిగింది భార్గవి.

"జర ఆగమ్మా. ఇంకోటి వాయించుకోనీ."

సందీప్ పెద్దగా నవ్వేశాడు. భార్గవి తలుపు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

అక్టోబరులో సీడీలు అచ్చయి వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లోని ధ్వనుల జాబితాలో మొదటిదానికి ఆమె పెట్టిన పేరు 'వీరేశం'. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు. అయినా నాలుగు సీడీలు అడిగి పట్టుకెళ్లాడు.