వెనక పట్టీ

బొమ్మలో తాళ్ళు లాగేవాడు నవ్వుతున్నాడని మొదట చూసింది తనే కదా, మరి ఆ మాట తన నోట్లోంచి ఆయన నోట్లోకి ఎప్పుడు వెళ్ళిపోయింది? గౌరీశ్వరి గోడమీది పటం తుడుస్తూ అదే ఆలోచిస్తోంది. ఇచ్ఛాపురం దగ్గర దొరల బంగళా సామాన్లు వేలం వేస్తే భర్త యజ్ఞనారాయణ కొని తెచ్చాడు. నూటయాభై ఏళ్ళనాటి లండన్ వేళాకోళపు బొమ్మ. పిండి అద్దిన జుట్టు, గడ్డం దాకా మెడగుడ్డ. ఆ షోకిలా దొర మంచంకోడు పట్టుకుని నిలబడితే, నౌకరు అతని వీపుకు కాలు తన్నిపెట్టి, పొట్ట కనబడకుండా వేసుకునే నడుంకట్టు తాళ్ళు బిగిస్తున్నాడు.

తెచ్చిన రోజు టెక్కలి హైస్కూల్లో ఆయన తోటి మాష్టర్లంతా వచ్చి దొరను చూసే నవ్వారు. కాఫీ తెచ్చిన గౌరీశ్వరి, "ఆ నౌకర్ని సూడండి, నాలుక పళ్ళకింద పెట్టుకుని నవ్వాపుకుంటన్నాడు" అని ఫక్కున నవ్వేసింది.

వాళ్ళు వెళ్ళాక యజ్ఞనారాయణ అన్నాడు: "ఏటా ఇకఇకలు? ఇంగ్లీషు ముక్క రాదు, బొమ్మ గురించి నీకేటి తెలుసు?"

వత్తులు చేసుకుంటున్న అత్తగారు మహాలక్ష్మమ్మ, "పళ్ళు కనబడేలా నవ్వడం మా ఇంటా వంటా లేదమ్మా" అంది.

అప్పట్నుంచి నవ్వొచ్చినప్పుడల్లా దాన్ని దగ్గుగా మార్చుకోవడం అలవాటైంది. ఆ దగ్గుకి ఆయన మందు కూడా తెచ్చాడు. తాగింది.

ఇవాళ పలాసలో ఆయన ఉపన్యాసం, ఆ బొమ్మ మీదే. పొద్దుట్నుంచి గదిలో వల్లె వేస్తున్నాడు: "నౌకరు ముఖంలో దాగిన నవ్వును నా కన్ను ఒక్కటే పట్టుకుంది." ఆ మాట నాదండీ అందామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. రెండుసార్లూ ఏం కావాలని అడిగాడు. ఏమీ లేదంది. అన్నాక నిజంగానే ఏమీ లేదేమో అనిపించింది, చూసింది ఆయనేనేమో.

"ఏమే, ఇలారా. ఈ పట్టీ బిగించు."

పెళ్ళినాటి చేతుల్లేని వేస్ట్‌కోటు. పొట్టమీద గుండీలు ఎలాగో పెట్టేశాడు, వెనక పట్టీ బిగిస్తే పొట్ట కనబడదని ఆయన లెక్క. అద్దం ముందు బీరువా అంచు పట్టుకుని ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఇంకా లాగు. తిండి తినడం లేదేటి?"

ఆమె మోకాలు ఆయన నడుముకి ఆనించి లాగింది. అద్దంలో ఆయన మొహం కందగడ్డ అయింది. ఆ భుజం పక్కన తన మొహం. నాలుక పళ్ళకింద ఉంది. గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది.

దగ్గలేదు. పక్కగదిలో అత్తగారికి వినబడేలా, అద్దంలో పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.