చప్పుడు లేని చేతులు

కన్వర్టర్ సాఫ్ట్‌వేర్ అడిగేది ఒకటే ప్రశ్న: ఏ ఫార్మాట్‌లోకి మార్చాలి? పక్కనున్న బాణం గుర్తు నొక్కితే కిందికి పేర్ల వరస జారుతుంది. చాలాసేపటి నుంచి దాన్ని తెరుస్తున్నాను, మూస్తున్నాను. భద్రాచలంలో మా ఆఫీసంటే ఒక కిరాయి ఇంటి వెనక గది. ఉన్న ఒక్క కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి గోడ. ఆ గోడనీ ఈ పేర్లనీ మార్చి మార్చి చూడటమే ఆ మధ్యాహ్నం నేను చేసిన ఉద్యోగం.

మార్చాల్సిన వీడియో మా గూడెంలో జరిగిన గ్రామసభది. వాగు మీద ఆనకట్ట కడితే మా గూడెం మునుగుతుంది. ఊరివాళ్ళు ఏమన్నారో స్లైడ్లు చేసి ఖమ్మంలో పైవాళ్ళకి చూపించడం మా కంపెనీకి దక్కిన కాంట్రాక్టు. ఆ సభలో మా చిన్నమ్మ జంపక్క లేచి కోయ భాషలో రెండు మాటలు అడిగింది. ఊరొదిలి పోతామన్నవాళ్ళు చేతులు లేపండి అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. పోమన్నవాళ్ళు లేపండి అంది. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులతో సహా అందరూ లేపారు. తీర్మానం కాగితం మీద రాసిద్దామని బడిపంతులు అంటే జంపక్కే వద్దంది.

"కాగితం ఎందుకు? మాట మిషన్ల పడ్డది గద. మిషన్ కాడ మన యశోద ఉన్నది."

కెమెరా పట్టుకున్న ఆ యశోదని నేనే. నన్ను అంతగా నమ్మమని ఆమెకు ఎవరు చెప్పారో!

పిచ్చయ్య సార్ మా టీమ్ లీడర్. సభ రోజు నా పక్కనే ఉన్నాడు. కల్లూరు వైపు రైతు కుటుంబం. మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుంటూ అయినా కాలం గడిపేదాన్ని. తన టిఫిన్ డబ్బాలో పప్పు నాకింత పెట్టనిదే ముద్ద ముట్టడు.

"ఏమ్మా, అయిందా?" అంటూ వచ్చాడు.

"డబ్ల్యూఎంవీ చేస్తున్న సార్. బొమ్మా ఉంటది, మాటా ఉంటది."

"వద్దు. జిఫ్ చెయ్యి."

జిఫ్ అంటే కదిలే బొమ్మ, అంతే. దానికి నోరు లేదు.

"పోయిన మీటింగ్‌ల ఏమైంది? వీడియో పెడితే అక్కడ నల్ల డబ్బా వచ్చింది. అంతమంది ముందర నా పరువు పోయింది."

అది నిజమే. మా పాత పవర్‌పాయింట్ వీడియోని తనలో దాచుకోదు. ఫలానా చోట ఉందని గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. వేరే కంప్యూటర్‌కి వెళ్తే ఆ చోటు దొరకదు, దొరికినా ఆ ఫార్మాట్ దానికి తెలియకపోవచ్చు. జిఫ్ అయితే స్లైడుకే అతుక్కుని వెళ్తుంది.

"రెండు ఫైళ్ళూ ఒకటే ఫోల్డర్‌ల పెట్టిస్త సార్. గీ ఫార్మాట్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న లాప్‌టాప్‌ల ఆడతది."

"గ్యారంటీ ఇస్తవా?"

కంటితో చూడని లాప్‌టాప్‌కి గ్యారంటీ ఎవరిస్తారు?

"అయినా ఆ హాల్లో స్పీకర్లు లెవ్వు. మాట ఉండి ఏం లాభం? మొత్తం కూడా వద్దు, ఫైలు బరువైతది. చేతులు లేపిన ముక్క చాలు."

"పోనీ ఆమె మాటలు కింద తెలుగుల టైప్ చేస్త."

"మన ఫాంటు అక్కడ లేకపోతే గజిబిజిగా వస్తది. హెడ్డింగు పైనుంచే ఇంగ్లీషులో పంపిన్రు, ఇంకేం కలపొద్దన్నరు."

పైనుంచి వచ్చిన ఆ హెడ్డింగుకి అర్థం, గ్రామసభలో చేతులెత్తిన ప్రజలు.

"సార్, చేతులు లేపింది పోమని చెప్పనీకి. గిట్ల చూపిస్తే ఒప్పుకున్నట్టు కనపడతది."

సార్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "చేతులు లేపిన్రా, లేదా?"

"లేపిన్రు."

"మనం రాసింది గంతే. ఎందుకు లేపిన్రో రాయలేదు. ఇందులో అబద్ధం ఏముందమ్మా?"

విడివిడిగా చూస్తే ఒక్కో మాటా న్యాయంగానే ఉంది. అన్నీ కలిసి మా ఊరి నోరు మూశాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. తలుపు తెరిచే ఉంది, లేచి వెళ్ళిపోవచ్చు. నేను పోతే ఇంకొకరు ఈ కుర్చీలో కూర్చుని ఇదే జిఫ్ నొక్కుతారు. జంపక్క ఏమందో వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

జిఫ్ నొక్కాను.

మర్నాడు ఖమ్మంలో హాలు నిండా ఆఫీసర్లు. మౌస్ నా చేతికే ఇచ్చారు. మా స్లైడు వచ్చింది, బొమ్మ చక్కగా ఆడింది. చేతులు లేచాయి, దిగాయి. జిఫ్ ఆగదు, మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ లేచాయి. మధ్యలో జంపక్క నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"వెరీ గుడ్. అందరూ ఒప్పుకున్నారన్నమాట" అంది మీటింగ్ నడిపే మేడం. పిచ్చయ్య సార్ ఔననలేదు, కాదనలేదు. "నెక్స్ట్" అందామె.

నేను నొక్కలేదు.

"ఏమైందమ్మా, హ్యాంగ్ అయిందా?"

"లేదు మేడం. వాళ్ళు ఒప్పుకోలె. పోమన్నోళ్ళు లేపమంటే లేపిన చేతులివి. నాది ఆ ఊరే."

హాలంతా నా వైపు తిరిగింది.

"దీంట్లో సౌండ్ లేదు కదా. నీ మాట ఎలా నమ్మాలి?" అని మేడం సార్ వైపు చూసింది. "మీరు అక్కడే ఉన్నారుగా, ఆ అమ్మాయి చెప్పింది నిజమేనా?"

నిన్న నేను చెప్పిందంతా సార్ మనసులో ఉంది. నాకు తెలుసు. ఆయనా నా వంక ఒకసారి చూశాడు.

"నాకు ఆ భాష రాదు మేడం" అన్నాడు.

అదీ అబద్ధం కాదు.

"అయితే గొడవెందుకు, ఈ స్లైడు తీసెయ్యండి" అంది మేడం.

తీసెయ్యాల్సింది కూడా నేనే. చేతులు కదలవు నాకు. ఉంచితే ఒప్పుకున్నట్టు, తీసేస్తే అసలు ఏమీ అననట్టు. హాలంతా ఎదురుచూస్తోంది. ఎస్కేప్ నొక్కి, ఆ స్లైడు మీద మౌస్ పెట్టి డిలీట్ నొక్కాను. నిజంగానే తీసెయ్యాలా అని కూడా అడగదు ఆ పాడు సాఫ్ట్‌వేర్. జంపక్క పోయింది. ఆ జాగాలోకి కిందున్న స్లైడు వచ్చింది. అది మ్యాపు. మా గూడెం ఉండే చోట నీలం రంగు పులిమి ఉంది.

"మేడం" అన్నాను. "చేతులైతే తీసేసిన. మనుషులు ఆ నీలం రంగు కిందనే ఉన్నరు."

మేడం గడియారం చూసుకుని "నెక్స్ట్" అంది.

నేను మౌస్ వదిలేశాను. పిచ్చయ్య సార్ నా పక్కనుంచి చెయ్యి చాపి, నా మొహం చూడకుండా, తనే నొక్కాడు.