కాలదోషం పట్టిన నోటు

నా రాతలో తప్పులుంటే చదివేవారు మన్నించాలి. జుట్టు నెరిశాక పలక పట్టినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు ఇంకా నా మాట వినవు. ఒక్కో పేజీకి రెండేసి పూటలు పడుతోంది, అందుకని ఈ కథ కూడా నాలాగే నెమ్మదిగా నడుస్తుంది.

గోదావరికి రైలు వంతెన కట్టకముందు, కొవ్వూరుకు దిగువన కాలవ గట్టు మీది ఊళ్లో అమ్మిరాజుగారనే రైతు ఉండేవారు. ఆయన తండ్రి పల్లంరాజుగారు. ఒక ఏడు గొడ్డురోగం వచ్చి, సరిగ్గా దుక్కుల వేళకు వాళ్ల కాడెద్దులన్నీ పడిపోయాయి. అప్పటికే తనవాళ్లందరి దగ్గరా చేబదుళ్లు తీసుకుని ఉన్నారేమో, పెద్దాయన ఎవరినీ అడగలేక, పొద్దువాలే వేళ పైపంచె తలకు చుట్టుకుని మా పేటకు వచ్చారు. లాకుల దగ్గర తాపీమేస్త్రీగా పనిచేసే అబ్రహాము ఆనకట్ట పనుల్లో కూడబెట్టిన రెండువందల రూపాయలూ ఆయన చేతిలో పెట్టాడు. పల్లంరాజుగారు ప్రోనోటు రాసిచ్చారు, ఆ డబ్బుతో ఎడ్లు కొన్నారు. ఆ వారంలోనే వరదలో పడవ తిరగబడి పోయారు. మరుసటేడు అబ్రహాము కలరాతో పోయాడు. నోటు అతని భార్య పెట్టెలో ఉండిపోయింది.

ఆ నోటు సంగతి అమ్మిరాజుగారికి తెలుసు. తీర్చలేనివారూ కారు. కానీ రాజమండ్రి వకీలుగారి గుమాస్తా బుల్లిరాజు ఒక కిటుకు చెప్పాడు. నోటు రాసిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయకపోతే దానికి కాలదోషం పడుతుంది, ఇక ఏ కోర్టూ దాన్ని ముట్టుకోదు. అయితే జాలిపడి ఒక్క రూపాయి ఇచ్చి, నోటు వెనక ఆ సంగతి రాశారో, మళ్లీ మొదటి నుంచీ మూడేళ్లు.

"మీరు చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండడమేనండి," అన్నాడు బుల్లిరాజు.

అమ్మిరాజుగారు అదే చేశారు. అబ్రహాము భార్య వచ్చి వాకిట్లో నిలబడితే కోతలయ్యాక చూద్దామనేవారు. ఆమెకు చదువు రాదు. నోటనేది బంగారంలా పెట్టెలో ఉన్నంతకాలం ఉంటుందనే అనుకునేది.

తిథుల లెక్కన ముందుకు జరిగి, గడువు ఇంకొన్నాళ్లుందనగానే తండ్రి మూడో ఆబ్దికం వచ్చింది. కొవ్వూరు గోష్పాద రేవులో తంతు జరిపించి, పిండం విస్తట్లో పెట్టి ఎడంగా జరిగారు. మొదటేడు కాకి వెంటనే వాలింది. రెండో ఏడు కాస్త సతాయించింది. ఈ ఏడు మెట్ల పొడుగునా కాకులు బారుగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ కదల్లేదు. చనిపోయినవారి మనసులో ఏదో మిగిలిపోతే ఇలా అవుతుంది. అప్పుడు బతికున్నవాళ్లు ఆ కోరికేదో తీరుస్తామని పైకి చెప్పాలి. అమ్మిరాజుగారు చెల్లెలి పెళ్లి బాగా చేస్తానన్నారు. తల్లిని చూసుకుంటానన్నారు. ఎండ నెత్తికెక్కింది. కాకులు అలాగే ఉన్నాయి.

పక్కనున్న తల్లి మాణిక్యాంబగారు, "మీ నాన్నకి ఏం కావాలో నీకు తెలుసురా," అన్నారు.

నోటిమాట కోర్టులో చెల్లదని ఆయనకు గుర్తొచ్చింది. ధైర్యంగా, "అబ్రహాము బాకీ తీరుస్తాను నాన్నా," అన్నారు.

ఒక కాకి దిగింది. విస్తరి దాకా నడిచింది. మెతుకులకేసి చూడలేదు, తల వంచి ఆయన మొహంలోకి చూసింది. చూసి చూసి ఎగిరిపోయింది. వెనకే మిగతావన్నీ లేచిపోయాయి. పిండం గోదావరిలో కలిపి ఇంటికొచ్చారు.

గడువు దాటింది. బుల్లిరాజు మామూలు కోసం వచ్చి, ఆ నోటు ఇక పొయ్యి రాజేసుకోడానికి పనికొస్తుందని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆ మర్నాడు పెరట్లో చేపలు కడిగిన చోట ఒక్క కాకీ లేదు. చేప పేగులు సాయంత్రానికి చీమలు పట్టి కంపు కొట్టాయి. పిల్లలు గోడ మీద పెట్టిన చద్దన్నం ఎండి పెచ్చులు కట్టింది. ఊరంతా కాకులున్నాయి, ఆయన కప్పు మీదుగా మాత్రం ఎగరవు. మూడో పూటకి ఆయన విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలిపి, ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయారు. ఎవరూ ముట్టని పిండం తన ముందు పెట్టినట్టుంది. ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచారు.

"కాకులన్నీ పేటలో ఉన్నాయండి," అన్నాడు పాలేరు, అడక్కుండానే.

మిట్టమధ్యాహ్నం ఆయన పేటకు నడిచారు. అబ్రహాము ఇంటి తాటాకు కప్పు కనిపించలేదు, దాని మీద నల్లగా కాకులే. అంత గుంపులో ఒక్క అరుపు లేదు. అబ్రహాము భార్య వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఇలా ఉన్నాయండి," అంది. "గంజి పోసినా ముట్టవు. నా మొహంకేసే చూస్తాయి, నేనే ఏదో బాకీ ఉన్నట్టు."

ఆయన అరుగు మీద కూలబడి ఉన్నదంతా చెప్పారు. మూడేళ్ల గడువు, గుమాస్తా మాట, రేవులో తన మాట.

"అయితే కోర్టులో పోయినట్టేనాండి?"

"కోర్టులో పోయింది."

ఆమె కప్పుకేసి చూసింది. "మరి వీళ్లకి ఎవరూ చెప్పలేదాండి?"

ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ అప్పుతో తండ్రి కొన్న ఎడ్లనే అమ్మారు. చాలనిదానికి గాదెలో ధాన్యం తీశారు. పురోహితుడు పేటకు రానంటే తానే పిండం విస్తట్లో పెట్టుకుని వచ్చి, ఆ వాకిట్లో నేల అలికి, విస్తరి పెట్టి, డబ్బు వడ్డీతో సహా ఆమె ఒళ్లో పోశారు.

"తీర్చేశాను నాన్నా."

కప్పు మీద ఒక్క రెక్క కదల్లేదు. మళ్లీ అన్నారు. గొంతు చీరుకుపోయేలా అన్నారు. అప్పుడు తెలిసింది ఆయనకు, అక్కడ తన మాటకు విలువ లేదని. అబ్రహాము భార్య వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా," అన్నారు.

చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదని పాదిరిగారి కట్టడి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి చెప్పింది.

"నా సొమ్ము నాకు అందిందండి, పల్లంరాజుగారూ."

ఒక కాకి దిగి, పిండం చివరి మెతుకు దాకా తింది. తిని పోలేదు. గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. ఎందుకో అమ్మిరాజుగారికి అర్థం కాలేదు, ఆమెకు అయింది. బాకీ తీర్చినవాడు నోటు చింపేదాకా గుమ్మం కదలడు. లోపలికి వెళ్లి, పెట్టెలోంచి ఆ కాగితం తెచ్చి, కాకి చూస్తుండగా నిలువునా చింపింది.

అప్పుడు అది గోదావరి వైపు ఎగిరింది. కప్పు కప్పంతా లేచి దాని వెనకే పోయింది. ఆ రెక్కల చప్పుడులో అమ్మిరాజుగారు రెండు చేతులతో మొహం కప్పుకుని, నీడ తిరిగేదాకా ఆ ఖాళీ విస్తరి దగ్గరే కూర్చున్నారు.

ఇట్లు,
సువార్తమ్మ, అబ్రహాము భార్య. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉండేది రాజమండ్రిలో, మిషను బడి వెనక వీధిలో.