కొత్తిమీర స్నానం

ముత్తమ్మ తన బతుకులో ఎన్ని గొర్రెపిల్లలను బతికించిందో ఆమెకే తెలియదు. అలాంటి మనిషి చేతిలో, మేడ్చల్ ఇంట్లో, ఎలుకంత ప్రాణి చచ్చిపోయింది. ఆ మాట ఎవరూ ఆమెను అనలేదు. అనకపోయినా అదే చెవిలో మోగుతూ ఉంది.

శామీర్‌పేట పక్క పల్లెలో ఉన్న మందను అమ్మేసి, డిపోలో మెకానిక్‌గా చేసే కొడుకు ధర్మేందర్ దగ్గరికి వచ్చి ఆమెకు ఏడాదైంది. ఆ మధ్య, రెండు వేల నాలుగో సంవత్సరం మొదట్లో, కూతురు భవిత పుట్టినరోజని అతడు రెండు గినీ పిగ్గులను తెచ్చాడు. ఇంట్లో పందులేమిటని ముత్తమ్మ ముక్కు మూసుకుంది. బుట్ట మూత తీస్తే తోకలేని ఎలుకల్లా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ భవితేమో వాటికి బన్ను, జాము అని పేర్లు పెట్టింది. పందులని పేరు, చూస్తే ఎలుకలు, పిలిస్తే బేకరీ సరుకు. ఏమైతేనేం, గడ్డి తినే ప్రాణి ఏదైనా తనకు చుట్టమేనని ముత్తమ్మ నాలుగు రోజుల్లోనే వాటి పని మీదేసుకుంది.

పది రోజుల కింద, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, కంపు కొడుతున్నాయని రెండింటికీ నీళ్ళు పోసింది. గొర్రెలను చెరువులో కడిగి ఎండకు తోలిన చెయ్యి కదా! తడి ఆరాలని బుట్టను వాకిట్లో ఎండకు పెట్టి, కాస్త నడుం వాల్చింది. లేచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. జాము కాళ్ళు చాపేసి ఉంది. బన్ను కొనఊపిరితో ఉంటే తడిగుడ్డలో చుట్టి ఎలాగో నిలబెట్టింది. గొర్రె ఓర్చుకున్న ఎండ వీటికి పనికిరాదని తనకెవరు చెప్పారు? చెప్పకపోయినా తెలియాల్సింది. ముత్తమ్మ బాధ అదే.

ఆనాటి నుంచి భవిత అవ్వతో మాట్లాడటం మానేసింది. పెడితే తింటుంది, జడ వేస్తే వేయించుకుంటుంది, ముఖం మాత్రం ఎత్తదు. ఈ పిల్ల రెండు తిట్లు తిట్టినా బాగుండునని ముత్తమ్మకు రోజూ అనిపించేది. బన్ను కూడా మూలకు ముడుచుకుని ఏదో రెండు పోచలు కొరికేది. ధర్మేందర్ వాటిని కొన్న కొంపల్లి దుకాణంలో అడిగితే, జంట లేకపోతే అవి దిగులుతోనే పోతాయని చెప్పి ఇంకొకదాన్ని ఇచ్చారు. తీరా తెచ్చి బుట్టలో వదిలితే రెండూ ఉప్పూ నిప్పూ. బన్ను పళ్ళు టకటకలాడించి కొత్తదాని చెవి కొరికింది. విడదీసి వేర్వేరు బుట్టల్లో పెట్టారు. శనివారం నుంచి బన్ను ఆ రెండు పోచలు కూడా ముట్టలేదు. లాభం లేదు, ఆదివారం సాయంత్రం కొత్తదాన్ని తిరిగి ఇచ్చేస్తానన్నాడు ధర్మేందర్.

అది వెళ్ళిపోతే బన్ను బతకదు. బన్ను పోతే ఈ పిల్ల ఇక జన్మలో తన ముఖం చూడదు. ఆదివారం పొద్దున్నుంచీ ముత్తమ్మకు ఇదే ఆలోచన. మందలో తల్లి చచ్చిన పిల్లను మరో గొర్రె దగ్గరికి చేర్చాలంటే, ఆ గొర్రె పాలనే పిండి పిల్ల వీపుకు పూసేవాళ్ళు. తన వాసన వస్తే తన పిల్లే అనుకుని గొర్రె పాలిచ్చేది. ఆమెకు తెలిసిన విద్య అదొక్కటే.

"గొర్రె కండ్లతోని గుర్తు పట్టది బిడ్డా, ముక్కుతోని పడ్తది. గివి గూడ గంతే అనిపిస్తాంది. రెండిట్ని ఒక్క నీళ్ళల్ల కడిగి ఒక్కటే వాసన రప్పియ్యాలె. ఒక్కపారి నన్ను జూడనియ్యి" అంది కొడుకుతో.

"మల్ల నీళ్ళేనా అమ్మా?" అని ధర్మేందర్ నోరు జారాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. ముత్తమ్మ లేచి స్టవ్వు మీద నీళ్ళు పెట్టింది. టబ్బులో రెండు వేళ్ళ లోతు గోరువెచ్చని నీళ్ళు పోసి, సబ్బు ముట్టకుండా, రెండింటినీ ఒక్కసారే దించింది. నీళ్ళ భయానికి అవి కొట్లాట మరచి ఒకదాన్నొకటి అంటుకున్నాయి. భవిత తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది.

ఈసారి ఎండ మాట తలవలేదు. వరండా నీడలో, పాత నూలు చీరతో, రెండింటినీ ఒకే గుడ్డతో గంటసేపు తుడిచింది. తర్వాత కొత్తిమీర కట్ట నలిపి రెండింటి వీపులకూ పులిమి పక్కపక్కన వదిలింది. బన్ను మళ్ళీ పళ్ళు టకటకలాడించింది. ముత్తమ్మ విడదీయబోయింది. అంతలోనే బన్ను ముందుకు వచ్చి కొత్తదాని మెడ వాసన చూసింది, వీపు వాసన చూసింది. అక్కడ అంటుకున్న ఆకును లాగి నమిలింది. ఇంకో ఆకు లాగింది. కొత్తది కదలకుండా తిననిచ్చి, తానూ బన్ను వీపు మీది ఆకు అందుకుంది. ముత్తమ్మకు ప్రాణం లేచివచ్చింది. ధర్మేందర్ దుకాణానికి పోవడానికి తీసిన స్కూటర్ తాళం తిరిగి మేకుకు తగిలించి, అమ్మ ముఖం చూడలేక లోపలికి పోయాడు.

అప్పుడు వచ్చి కూర్చుంది భవిత.

"అవ్వా, గా దినం బడి నుంచి వచ్చినప్పుడు ఎండల బుట్టను జూసిన. టీవీల బొమ్మలు వస్తున్నయని లోపలికి ఉరికిన. నిన్ను లేపలే."

ఈ పదిరోజులూ ముత్తమ్మ తన మీద కోపమనుకున్నది పిల్ల భయమన్నమాట. గుండె మీది బండ దించినట్టయింది. ఆ వెంటనే, ఇంత బండను ఈ చిన్నది ఒక్కతే మోసిందా అని పిల్లను దగ్గరికి లాక్కుంది.

"పెట్టినదాన్ని నేను, పండుకున్నదాన్ని నేను. గది నీ మీదికెట్లొస్తది బిడ్డా? నాతోని మాట్లాడు, సాలు."

భవిత ఏడ్చింది. ఏడుపు తగ్గాక మాటలు మొదలుపెట్టింది. స్కెచ్ పెన్నులు ఎవరో తీశారట, వ్యాన్‌లో ముందు సీటు ఇవ్వరట, లెక్కల టీచరు మారిందట. ముత్తమ్మకు సగం అర్థం కాలేదు. అయినా చీకటి పడేదాకా అక్కడే కూర్చుని అన్నింటికీ ఊఁ కొట్టింది.